రేసుకుక్క, ఆఫ్రికా అడవికుక్క, డింగో: ఇవన్నీ ఒకే గుంపా? ఎలా గుర్తుపట్టాలి, ఎక్కడ పెట్టాలి?

గడ్డిమైదానం అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా ప్రకృతి క్లబ్బులో పిల్లల కోసం అడవికుక్కల మీద పెద్ద చార్టు ఒకటి వేస్తున్నాం, జాతుల వరుస పెట్టే పని నా మీద పడింది. ఇప్పటిదాకా నా జాబితాలో ఆసియా రేసుకుక్క, ఒంటినిండా మచ్చలుండే ఆఫ్రికా అడవికుక్క, దక్షిణ అమెరికా బుష్ డాగ్, ఆస్ట్రేలియా డింగో, న్యూగినీలో పాట పాడినట్టు కూసే కుక్క, రాకూన్ డాగ్ ఉన్నాయి. క్లబ్బులో ఒకాయన హైనా కూడా వేయాల్సిందే అంటున్నారు.

అసలు చిక్కేంటంటే ఒక పాత పుస్తకంలో రేసుకుక్క, ఆఫ్రికా అడవికుక్క, బుష్ డాగ్ మూడూ ఒకే ఉపకుటుంబం అని ఉంది, ఇంకో చోట చూస్తే బుష్ డాగ్‌కి మిగతా రెండింటితో దగ్గరి చుట్టరికమే లేదంటున్నారు. డింగో దగ్గరకొస్తే ఒకరు తోడేలు ఉపజాతి అని, ఇంకొకరు వేరే జాతి అని, మరొకరు మామూలు కుక్కే అని రాస్తున్నారు. దేన్ని నమ్మాలి?

ఇంకో విషయం. క్లబ్బు వాళ్లకి ట్రాప్ కెమెరాలో ఒక ఫొటో పడింది. ఎర్రటి జంతువు, తోక చివర నలుపు, తోక వీపు మీదికి వంగి ఉంది, చెవులు నిక్కబొడుచుకుని మొనదేలి ఉన్నాయి, ముందు కాళ్లలో ఒకదానికి మాత్రం సాక్స్ వేసినట్టు తెలుపు. రేసుకుక్క అనే అందరూ అంటున్నారు, చార్టులో పెట్టేద్దామని తొందర కూడా పెడుతున్నారు. నాకైతే అనుమానంగానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరా?

---

ఎముకలపెట్టె:

మంచి ప్రశ్న అడిగారు. ముందు మీ పాత పుస్తకం సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ గందరగోళం వెనక నిజంగా ఆసక్తికరమైన కారణం ఉంది.

ఆ మూడింటినీ ఒక గూటికి చేర్చింది జి.జి. సింప్సన్, 1945లో క్షీరదాల వర్గీకరణ రాసినప్పుడు. ఆయన ఊరికే చేర్చలేదు, పళ్లు చూసి చేర్చాడు. కుక్క కింది దవడలో మాంసాన్ని కోసే పెద్ద దంతం ఒకటి ఉంటుంది, దాని వెనక భాగం మామూలు కుక్కలో, తోడేలులో రెండు మొనలతో చిన్న గిన్నెలా ఉంటుంది, పళ్లూ ఎముకలూ నలగ్గొట్టడానికి పనికొస్తుంది. ఈ మూడు జంతువుల్లో మాత్రం అక్కడ ఒకటే మొన ఉంటుంది, అది అంచులా పదునుగా లేస్తుంది. నేను పుర్రెల సేకరణలో రేసుకుక్క దవడనీ ఊరకుక్క దవడనీ పక్కపక్కన పెట్టుకుని వేలితో తడిమి చూశాను. కుక్క దంతం వెనక వేలు చిన్న పళ్లెంలోకి దిగినట్టు అనిపిస్తుంది, రేసుకుక్కకి అక్కడ కూడా కత్తి అంచే తగులుతుంది. ఆ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే ఇక మర్చిపోలేం.

కానీ ఆ అంచు చుట్టరికం వల్ల వచ్చింది కాదు, తిండి వల్ల వచ్చింది. గుంపుగా వేటాడి, దాదాపు పూర్తిగా మాంసం మీదే బతికే కుక్కలకి నమిలే భాగం కంటే కోసే భాగం ఎక్కువ ఉపయోగం, అందుకని వేర్వేరు శాఖల్లో విడివిడిగా అదే మార్పు వచ్చింది. 2005లో కుక్క జన్యుపటం ప్రచురించినప్పుడు దాంతోపాటే కుక్కల కుటుంబం మొత్తానికి వంశవృక్షం కూడా గీశారు. అందులో రేసుకుక్క, ఆఫ్రికా అడవికుక్క రెండూ తోడేళ్లకి దగ్గర్లో వచ్చాయి, బుష్ డాగ్ వెళ్లి దక్షిణ అమెరికా శాఖలో మేన్డ్ వోల్ఫ్ పక్కన కూర్చుంది. పొడుగు కాళ్లతో భుజం దగ్గర 90 సెంటీమీటర్ల ఎత్తుండే మేన్డ్ వోల్ఫ్‌కి, పొట్టి కాళ్లతో, వేళ్ల మధ్య చర్మంతో, నీళ్లలో కూడా చక్కగా తిరిగే ఆ చిన్న జంతువుకి దగ్గరి చుట్టరికం అంటే మొదట ఎవరూ నమ్మరు, కానీ ఇప్పుడు అందరూ ఒప్పుకున్న మాటే.

రేసుకుక్క, ఆఫ్రికా అడవికుక్క కూడా ఒకదానికొకటి సొంత అన్నదమ్ములు అనుకోకండి. తోడేళ్లు, కాయోటీ (ఉత్తర అమెరికాలో తోడేలు లాంటి చిన్న జంతువు), బంగారు నక్కల (ఇంగ్లీషులో జాకాల్) గుంపుకి ముందు రేసుకుక్క దగ్గర, ఆ తర్వాతే ఆఫ్రికా అడవికుక్క. రెండిటికీ సొంత ప్రజాతులు (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) ఉన్నాయి: రేసుకుక్క క్యూఆన్ ఆల్పైనస్, ఆఫ్రికాది లైకాఆన్ పిక్టస్. ఆ రెండు ప్రజాతుల్లోనూ ఇప్పుడు బతికున్నది ఒక్కొక్క జాతే. 2018లో వచ్చిన ఒక జన్యు అధ్యయనంలో ఎప్పుడో పూర్వకాలంలో ఈ రెండింటి పూర్వీకుల మధ్య జన్యువుల మార్పిడి జరిగిన గుర్తులు దొరికాయి. ఒకటి ఆసియాలో, ఒకటి ఆఫ్రికాలో ఉండి ఎక్కడ కలిశాయా అని ఆలోచిస్తే భలే ఉంటుంది, అప్పట్లో రేసుకుక్కల విస్తీర్ణం ఇప్పటికంటే చాలా ఎక్కువ, ఐరోపాలో కూడా వాటి శిలాజాలు దొరికాయి.

పొరబడటం పెద్దవాళ్లకీ తప్పలేదు. 1820లో టెమ్మింక్ ఆఫ్రికా అడవికుక్కని మొదటిసారి వర్ణించినప్పుడు దాన్ని హైనా అనుకుని హయేనా పిక్టా అని పేరు పెట్టాడు. నేపాల్‌లో ఉన్న హాడ్జ్‌సన్ రేసుకుక్కని చూసి ఇదే పెంపుడు కుక్కలకి ఆదిమ రూపం అనుకున్నాడు. ఆ తర్వాత 1838లో క్యూఆన్ అనే ప్రజాతిని ఏర్పరచింది కూడా ఆయనే.

రాకూన్ డాగ్‌ని మీ జాబితాలో నుంచి కొట్టేయక్కర్లేదు, కుక్కల కుటుంబమే, కానీ అది అసలు నక్కల (ఇంగ్లీషులో ఫాక్స్) వైపు శాఖ. చలికాలంలో మత్తుగా పడుకునే అలవాటు ఈ కుటుంబంలో దానికొక్కదానికే ఉంది.

---

దుమ్ముదారి:

వర్గీకరణ పైన ఆయన చెప్పేశారు కాబట్టి నేను ఫొటో గురించే రాస్తాను. మీరు చెప్పిన గుర్తులు నిజమైతే అది రేసుకుక్క కాదండీ, ఊరకుక్కే. మీ అనుమానం సరైనదే.

ముందు తోక. రేసుకుక్క తోక నక్క తోకలా గుబురుగా ఉండి కిందికి వేలాడుతుంది, చివర ఒక్కటే కాదు, చాలావరకు నల్లగా ఉంటుంది. కొడవలిలా వంగి వీపు మీదికి లేచిన తోక పెంపుడు కుక్కల లక్షణం. తోడేలులో గానీ నక్కలో గానీ రేసుకుక్కలో గానీ అలా చుట్టుకున్న తోక మీకు కనిపించదు.

తర్వాత చెవులు. రేసుకుక్క చెవి కొస గుండ్రంగా ఉంటుంది, లోపల తెల్లటి వెంట్రుకలు నిండుగా ఉంటాయి. మొనదేలిన చెవి అన్నారు కాబట్టి అదీ కుదరలేదు. మూడోది ఆ తెల్ల సాక్స్. రేసుకుక్కకి గొంతు, ఛాతీ, పొట్ట, కాళ్ల లోపలి వైపు లేత రంగు ఉంటుంది గానీ అది రెండు వైపులా సమానంగా, మెల్లగా ఎరుపులో కలిసిపోతూ ఉంటుంది. ఒక కాలికే గీత గీసినట్టు తెలుపు వచ్చిందంటే నేనైతే వెంటనే పెంపుడు రక్తం అనుకుంటాను.

ఫొటో పక్కనుంచి పడిందా? పడితే ముఖం చూడండి. కుక్కకి నుదురు నుంచి ముక్కు మీదికి దిగే చోట ఒక మెట్టు కనిపిస్తుంది, రేసుకుక్కకి ఆ మెట్టు ఉండీ లేనట్టు ఉంటుంది, మూతి పొట్టిగా, పైగీత కొంచెం ఉబ్బినట్టు వంపు తిరిగి ఉంటుంది. దూరం నుంచి కూడా ఆ ముఖం కుక్క ముఖంలా అనిపించదు. ఒకటి రెండు మంచి ఫొటోలు కాస్త ఎక్కువసేపు చూస్తే కన్ను అలవాటు పడిపోతుంది.

రంగు మీద మాత్రం అస్సలు ఆధారపడకండి, దాదాపు ప్రతి తప్పు గుర్తింపూ రంగు దగ్గరే మొదలవుతుంది. ఎర్ర ఊరకుక్కలు ఎన్ని లేవు! రేసుకుక్కల్లో కూడా ఒక చోటికీ ఇంకో చోటికీ రంగు మారుతుంది, చలి ప్రాంతాల్లో బొచ్చు పొడుగ్గా ఒత్తుగా పెరుగుతుంది. పిల్లలైతే పుట్టినప్పుడు మసి పూసినట్టు ముదురు గోధుమ రంగులో ఉంటాయి, మూడు నెలలకి గానీ పెద్దవాటి ఎరుపు రాదు.

కళేబరమో పుర్రెనో దొరికితే పళ్లు లెక్కపెట్టండి, ఇంకే గొడవా ఉండదు. కుక్క, తోడేలు, నక్కలకి 42 పళ్లు. రేసుకుక్కకి 40, ఎందుకంటే కింది దవడలో ప్రతి వైపూ చివరి చర్వణకం (నమిలే పెద్ద పన్ను) ఒకటి తక్కువ. బుష్ డాగ్‌కి 38. దానికి పూర్తి ఎదురుగా, చెదపురుగులు తినే బ్యాట్ ఇయర్డ్ ఫాక్స్‌కి 46 నుంచి 50 దాకా ఉంటాయి. ఆఫ్రికా అడవికుక్కకి 42 పళ్లే గానీ ముందు కాలికి నాలుగే వేళ్లు, మిగతా కుక్కలకి లోపలి వైపు పైన ఉండే బొటనగోరు దానికి లేదు.

చెవులు బాగా పనిచేసేవాళ్లకి ఇంకో దారి ఉంది. రేసుకుక్కలు ఈల వేసినట్టు పిలుచుకుంటాయి, గుంపు చెదిరిపోయినప్పుడు ఆ ఈలతోనే మళ్లీ ఒకచోట చేరతాయి. ఊరకుక్కలా ఆగకుండా మొరిగేది రేసుకుక్క కాదు.

---

గడ్డిమైదానం:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఫొటో మళ్లీ చూశాను, నుదురు దగ్గర ఆ మెట్టు బాగా కనిపిస్తోంది. చార్టులోకి వెళ్లదు. మా వాళ్లకి ఈ థ్రెడ్ లింకు పంపించాను.

డింగో గురించి ఎవరూ చెప్పలేదు, నా టెన్షన్ అంతా దాని మీదే. బంగారు నక్క విషయంలో కూడా ఏదో పేరు మారిందని విన్నాను, అదేంటో చెప్పగలరా?

---

ఇసుకతిన్నె:

డింగో గురించి నేను చెప్తాను, నా అభిప్రాయం మొదటే చెప్పేస్తున్నా: అది ప్రత్యేక జాతి, కానిస్ డింగో (కానిస్ అంటే తోడేలు, కుక్కల ప్రజాతి). 1793లో మేయర్ పెట్టిన పేరు అది. మధ్యలో తోడేలు ఉపజాతి అన్నారు, పెంపుడు కుక్క అన్నారు, 2014లో కొందరు శాస్త్రవేత్తలు 1900కి ముందు సేకరించిన నమూనాల పుర్రెలు, చర్మాలు కొలిచి మళ్లీ ప్రత్యేక జాతిగా వర్ణించారు. పాత నమూనాలే ఎందుకంటే, ఆ కాలానికి ఊరకుక్కల కలయిక తక్కువ కాబట్టి.

ఈ జంతువు 3,000 ఏళ్లకి పైగా ఆస్ట్రేలియాలో మనిషి చేతికింద కాకుండా సొంతంగా బతికింది. పిండిపదార్థం అరిగించుకునే ఎంజైము జన్యువు పెంపుడు కుక్కల్లో చాలా కాపీలుంటే డింగోలో తోడేలులాగా రెండే. ఏడాదికి ఒక్కసారే ఈనుతుంది. అక్కడి అడవుల్లో, ఎడారుల్లో అన్నిటికంటే పెద్ద నేల వేటజంతువు అదే, కంగారూల సంఖ్య దగ్గర్నుంచి బయటి నుంచి వచ్చిన నక్కల దాకా దాని ప్రభావం ఉంటుంది. ఇంతచేసీ దాన్ని కుక్క అనేస్తే ఏం జరుగుతుందో చూడండి: ఆస్ట్రేలియాలో చాలా చోట్ల చట్టాలు డింగోనీ, తప్పించుకుపోయిన కుక్కలనీ కలిపి 'వైల్డ్ డాగ్' అనే ఒక్క మాటలో పెట్టి విషం ఎరలు వేయడానికి అనుమతిస్తాయి. అవన్నీ సంకరాలేలే అని సమర్థించుకునేవాళ్లు, కానీ 2023లో వచ్చిన జన్యు అధ్యయనం చూస్తే పరీక్షించిన వాటిలో ఎక్కువ భాగం శుద్ధమైన డింగోలే అని తేలింది. పేరు తప్పుగా పెడితే జంతువు ప్రాణం మీదికి వస్తుంది, నాకు ఈ విషయంలో నిజంగానే కోపం వస్తుంది.

---

ఎముకలపెట్టె:

మీ బాధ అర్థమైంది, విషం ఎరల విషయంలో నేను పూర్తిగా మీ వైపే. కానీ రక్షణ కావాలి కాబట్టి జాతి అనాలి అంటే నేను ఒప్పుకోలేను, రెండూ వేర్వేరు ప్రశ్నలు.

మీరు చెప్పిన లక్షణాలు ఒక్కొక్కటీ చూద్దాం. ఏడాదికి ఒక్కసారి ఈనడం బసెంజీ అనే పెంపుడు కుక్క రకంలో కూడా ఉంది. పిండి జన్యువు కాపీలు ధ్రువ ప్రాంతపు బండి లాగే కుక్కల్లో కూడా తక్కువే, తరతరాలుగా తిండిలో పిండి లేకపోతే అలాగే ఉంటుంది. 2022లో డింగో జన్యుపటం ప్రచురించినవాళ్లు తేల్చింది ఏంటంటే, అది తోడేలుకీ నేటి పెంపుడు కుక్కల రకాలకీ నడుమ చాలా ముందుగా విడిపోయిన కుక్కల కొమ్మ. సముద్రం దాటి ఆస్ట్రేలియా చేరింది కూడా మనుషులతోనే, ఈదుకుంటూ కాదు. 2019లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) కుక్కల నిపుణుల బృందం కూర్చుని చర్చించి, డింగోనీ న్యూగినీ కుక్కనీ మళ్లీ అడవిబాట పట్టిన కానిస్ ఫెమిలియారిస్‌గానే, అంటే పెంపుడు కుక్కగానే లెక్కవేసింది.

నేనైతే ఇలా అంటాను: డింగో చాలా పాత కుక్క, వేల ఏళ్లుగా అడవిజంతువే, దాన్ని కాపాడటానికి ఆ రెండు కారణాలూ చాలు. వేరే జాతి అనే ముద్ర కోసం ఎదురు చూడనక్కర్లేదు.

---

ఇసుకతిన్నె:

చట్టం రాసేవాళ్లు మీలాగా ఆలోచిస్తే నాకే ఇబ్బందీ లేదు. వాళ్లు ముందు జాబితాలో పేరుందా అనే చూస్తారు. ఉత్తర అమెరికా ఎర్ర తోడేలు సంగతి తీసుకోండి, అది కాయోటీ, తోడేలు కలిసి పుట్టిన సంకరమే, దాని మీద ఖర్చు దండగ అని ఎన్నేళ్లు వాదించారు! 1980లో అడవిలో అంతరించిందని ప్రకటించారు, 1987లో నార్త్ కెరొలైనాలో మళ్లీ వదిలారు, చివరికి 2019లో అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక అది ప్రత్యేక జాతే అని చెప్పాక గానీ ఆ వాదన బలం తగ్గలేదు. ఇలాంటి చోట పేరుకి ఉండే బలం చిన్నది కాదు. జాతి అంటే ఏంటి అన్నదానికి ఒక్క గీటురాయి లేదు కదా, తోడేలు, కాయోటీ, కుక్క, బంగారు నక్క ఒకదానితో ఒకటి కలిసి పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలకీ పిల్లలు పుడతారు, అయినా అన్నిటికీ వేరే పేర్లు ఉంచుకున్నాం. డింగో దగ్గరే ఎందుకు ఇంత పట్టింపు?

---

దుమ్ముదారి:

ఇది ఇవాళ తేలేది కాదు, ఇద్దరి వాదనలోనూ పస ఉంది. బంగారు నక్క సంగతి నేను చెప్పేస్తాను.

ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ ఉండేది ఒకే బంగారు నక్క అని చాలాకాలం అనుకున్నారు, చూడ్డానికి అంత దగ్గరగా ఉంటాయి. 2015లో జన్యువులు పోల్చి చూస్తే ఆఫ్రికాలోది 10 లక్షల ఏళ్లకి ముందే విడిపోయిన శాఖ అని, బంగారు నక్క కంటే తోడేలుకే దగ్గరని తేలింది. ఇప్పుడు దాన్ని ఆఫ్రికా బంగారు తోడేలు, కానిస్ లుపాస్టర్ అంటున్నారు. ఐరోపా, ఆసియాల్లో ఉండేదే అసలైన బంగారు నక్క, కానిస్ ఆరియస్.

ఇంకో మార్పు కూడా రాసుకోండి. నల్ల వీపు నక్క, పక్క చారల నక్క ఆఫ్రికాలోవే, ఇన్నాళ్లూ కానిస్‌లోనే పెట్టారు. కానీ వంశవృక్షంలో అవి రేసుకుక్క కంటే, ఆఫ్రికా అడవికుక్క కంటే ముందే విడిపోయాయి. వాటిని కానిస్‌లో ఉంచాలంటే రేసుకుక్కనీ ఆఫ్రికా అడవికుక్కనీ కూడా కానిస్‌లోకి లాగాలి, లేకపోతే వాటినే బయటికి తీయాలి. రెండోదే చేశారు, ఇప్పుడు అవి లుపులెల్లా ప్రజాతి. పాత పోస్టర్లు చూసి రాస్తే ఇక్కడ తప్పు పడుతుంది.

---

గడ్డిమైదానం:

సరే, ఇప్పుడు దారి కనిపిస్తోంది. చార్టుని 'అడవికుక్కలు' అనే ఒకే పెట్టెగా కాకుండా చెట్టులా గీద్దామనుకుంటున్నా. ఒక కొమ్మ మీద తోడేలు, బంగారు నక్క, రేసుకుక్క, ఆఫ్రికా అడవికుక్క, లుపులెల్లా నక్కలు, ఇంకో కొమ్మ మీద బుష్ డాగ్, మేన్డ్ వోల్ఫ్, మూడో కొమ్మ మీద అసలు నక్కలు, రాకూన్ డాగ్. ఇది సరిపోతుందా? డింగోని ఎక్కడ పెట్టను? హైనా సంగతేంటి?

---

ఎముకలపెట్టె:

చాలా బాగుంది, అలాగే గీయండి. నక్కల కొమ్మ దగ్గర పిల్లలకి కంటిపాప కూడా చూపించండి: ఎర్ర నక్కకీ గుంటనక్కకీ వెలుతురులో పాప పిల్లికి లాగా నిలువు గీతవుతుంది, తోడేలుకి, రేసుకుక్కకి గుండ్రంగానే ఉంటుంది. పిల్లలు ఇలాంటివి బాగా పట్టుకుంటారు.

డింగోని తోడేలు, కుక్కల కొసన చిన్న రెమ్మగా పెట్టి, పక్కన రెండు పేర్లూ రాయండి, ఇంకా చర్చలో ఉంది అని ఒక మాట చేర్చండి. పిల్లలకి తేలని విషయం ఒకటి కనిపించడం మంచిదే, ఇసుకతిన్నె గారు కూడా దీనికి అడ్డు చెప్పరనుకుంటాను.

వీలైతే రేసుకుక్క దగ్గర 'ప్రమాదంలో ఉన్న జాతి' అని పెద్ద అక్షరాలతో రాయండి. ఐయూసీఎన్ 2015 అంచనా ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్నవి ప్రపంచం మొత్తం మీద 949 నుంచి 2,215 మధ్యే. ఆఫ్రికా అడవికుక్క కూడా అదే వర్గంలో ఉంది.

హైనాని ఈ చెట్టు మీద వేయకండి. నడక, మూతి చూసి కుక్క అనిపిస్తుంది గానీ అది పిల్లుల వైపు శాఖ, ముంగిసలకీ పునుగుపిల్లులకీ దగ్గర. మీ క్లబ్బు ఆయన మరీ పట్టుబడితే చార్టు అంచున, చెట్టుకి తగలకుండా, ఎందుకు బయట ఉందో ఒక్క వాక్యం రాసి బొమ్మ వేయండి.

---

ఇసుకతిన్నె:

రెండు పేర్లూ రాస్తే నాకు సమ్మతమే. చార్టు పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, అచ్చుకి ఇచ్చేముందు అందరం ఒకసారి చూస్తాం.